ఓడల మ్యూజియం పెద్దలకు, ఒక తాళంచెవి గురించి

ధర్మకర్తల మండలి సభ్యులకు నమస్కారం.

నేను మీ శని ఆదివారాల మనిషిని. మీ కాగితాల్లో నా పేరు పక్కన 'పార్ట్‌టైమ్ వారాంతపు కోఆర్డినేటర్' అని ఉంటుంది. టికెట్ల దగ్గర కూర్చునే కుర్రవాడు 'ఆదివారం మేడమ్' అంటాడు. నాకు అదే బాగుంటుంది. మూడేళ్లుగా ప్రతి శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు తలుపు తీస్తున్నాను, ఆదివారం సాయంత్రం ఆరున్నరకు వేస్తున్నాను. తీసేదీ వేసేదీ ముందు తలుపు ఒక్కటే. లోపల గోదాము తాళంచెవి నా దగ్గర లేదు. ఈ లేఖంతా దాని గురించే.

బహిరంగంగా ఎందుకు రాశావని మీరు అడగవచ్చు. ఇదే సంగతి మీద మీకు విడిగా మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి 'అందింది' అని జవాబు వచ్చింది. రెండోదానికి అదీ లేదు. మూడోదాని మీద 'వారాంతపు కోఆర్డినేటర్ గారి పరిశీలనకు' అని రాసి నాకే పంపారు. పరిశీలించాను. ఆమె అడిగినది న్యాయంగానే ఉందనిపించింది.

ఇప్పుడు ఇంకో కబురు తెలిసింది. వచ్చే నెల నుంచి నా పోస్టు తీసేసి, శని ఆదివారాల్లో తలుపులు తీసి వేసే పనిని సెక్యూరిటీ ఏజెన్సీకి ఇస్తారట. వివరాలు చెప్పడానికి ప్రతి వస్తువు పక్కన క్యూఆర్ కోడ్ అంటిస్తారట. జీతం పోతుందన్న బెంగ లేదంటే అబద్ధమవుతుంది. రోజుకు 700 రూపాయల చొప్పున నెలకు ఎనిమిది రోజులు, ఇంటి అద్దెలో సగానికి పైగా అదే. మిగతా ఐదు రోజులు ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుతాను. పెళ్లిపత్రికలు, పంచాంగాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. తప్పు కనబడితే చెయ్యి ఊరుకోని జబ్బు అక్కడ పట్టుకున్నదే. దాని ఊసు కూడా ముందుముందు వస్తుంది.

'తిరుపతిలో సముద్రం ఎక్కడుందమ్మా?' లోపలికి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఇదే. నాకు కోపం రాదు. నేను చిత్తూరు పిల్లను. మామిడి తోటలు, చెరువులు, ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించే నీవా నది, ఇవే నేను చూసిన నీళ్లు. సముద్రాన్ని మొదటిసారి చూసింది పందొమ్మిదో ఏట. అందుకే ఆ ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెబుతాను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట వైపు మండలాలు నెల్లూరు జిల్లా నుంచి ఇటు వచ్చాయి. వాటి వెంట వాకాడు తీరం వచ్చింది, పులికాట్ సరస్సు వచ్చింది, బకింగ్‌హాం కాలువలో ఒక ముక్క వచ్చింది, శ్రీహరికోట వచ్చింది. ఏడుకొండలకు ఒక్క రోజులో బంగాళాఖాతం దక్కింది. ఈ మాట చెప్పగానే ఎక్కడి వాళ్లయినా నవ్వుతారు. నవ్విన మనిషి ఇంకో పావుగంట ఉంటాడు. ఇది నా అనుభవం.

ఇంకో తమాషా కూడా ఉంది. జిల్లా పుట్టిన మర్నాడు, ఏప్రిల్ 5, జాతీయ నౌకాయాన దినం. 1919లో ఆ రోజున సింధియా కంపెనీ వారి 'లాయల్టీ' అనే ఓడ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. భారతీయుల సొంత కంపెనీ ఓడ విదేశానికి ప్రయాణం కట్టడం బ్రిటిష్ కంపెనీలకు కంటగింపైన రోజులవి. ఈ రెండు తేదీలను కలిపి పిల్లలకు ఏదైనా చేద్దామని నేను అడుగుతూ వచ్చాను. 2026లో ఆ రెండు రోజులూ సరిగ్గా శని, ఆదివారాలయ్యాయి. హాలు నిండా జనం. కార్యక్రమం మాత్రం 6వ తేదీ సోమవారం మధ్యాహ్నం జరిగింది, మీ అందరికీ వీలైన రోజు అదే కాబట్టి. సోమవారం మనకు సెలవు. జ్యోతి వెలిగించినవారు, చప్పట్లు కొట్టినవారు, ఫొటో తీసినవారు తప్ప ఆ హాల్లో ఎవరూ లేరని తర్వాత ఫొటో చూసి తెలుసుకున్నాను. నన్ను పిలవలేదు. నాది శని ఆదివారాల ఉద్యోగం కదా.

మనది చిన్న మ్యూజియం. రెండు గదులు, ఒక వరండా, ఒక గోదాము. గోడ మీద యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం బొమ్మను పెద్దది చేసి పెట్టారు. రెండు తెరచాప కొయ్యలున్న ఓడ అది, దాదాపు 1800 ఏళ్ల నాటిది. దాన్ని చూసి శ్రీవారి హుండీలో దొరికిన నాణెమా అని అడిగినవారున్నారు. దాని పక్కన మోటుపల్లి శాసనం పాఠం. ఎదురుగా దుగరాజపట్నం పటం.

ఆ పటం దగ్గర నేను ఎక్కువసేపు నిలబెడతాను. ఎందుకంటే అక్కడే సముద్రం తిరుపతి దాకా నడిచి వస్తుంది. వాకాడు మండలంలోని ఆ ఊళ్లో 1620లలో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ గిడ్డంగి కట్టుకుని, ఫిరంగులు పెట్టుకుని కూర్చుంది. వాళ్ల రాతల్లో దాని పేరు ఆర్మగాం. అక్కడి వ్యాపారం సరిగా సాగక, మంచి బట్టలు చవగ్గా దొరికే చోటు కోసం ఫ్రాన్సిస్ డే అనే వాళ్ల అధికారి దక్షిణానికి వెళ్లి వెతికాడు. 1639లో దామెర్ల నాయకుల చేతుల మీదుగా ఒక ఇసుక మేట సంపాదించాడు. అదే మద్రాసైంది. అప్పుడు ఆ నాయకుల పైన ఏలుతున్నది చంద్రగిరి రాజులు. చంద్రగిరి మనకు కూతవేటు దూరం. పొద్దున చంద్రగిరి కోట చూసి వచ్చినవాళ్లకు మధ్యాహ్నం ఈ పటం దగ్గర ఈ మాట చెబితే, కోటలో వాళ్లకు కనిపించని సముద్రం ఒక్కసారి కనిపిస్తుంది. ఇందులో ఒక్క ముక్కా ఆ పటం కింద రాసి లేదు. అక్కడ ఉన్నది 'దుగరాజపట్నం, పాత రేవు' అన్న రెండు మాటలు.

మన దగ్గరికి వచ్చేవాళ్లెవరో మీకు తెలియాలి. మంగళవారం నుంచి శుక్రవారం దాకా మీరు చూసే మ్యూజియం వేరు, నేను చూసేది వేరు. సందర్శకుల పుస్తకం తెరిచి చూడండి. మంగళవారం నుంచి శుక్రవారం దాకా అరపేజీ. శని, ఆదివారాలకు పేజీలు చాలక నేను అట్ట లోపలి వైపు కూడా రాయించాను. దర్శనం అయిపోయి, గది ఖాళీ చేసి, రాత్రి రైలు దాకా ఏం చేయాలో తెలియనివాళ్లు మనకు ప్రధానం. గుండ్ల మీద చందనం ఇంకా ఆరి ఉండదు. చేతిలో లడ్డూల సంచి, భుజాన నిద్రపోతున్న పిల్ల, కాళ్ల దగ్గర నాలుగు బ్యాగులు. సామాను పెట్టుకునే గది మనకు లేదు. గోదాములో సగం ఖాళీ, కాని దానికి తాళం. కాబట్టి శని ఆదివారాల్లో మీ చుక్కాని చక్రం కింద బ్యాగుల గుట్ట ఉంటుంది. లడ్డూ పలుకులు రాలితే చీమలు వస్తాయి. చీమలు వరసగా పోయి పడవ గదిలోకి దూరుతాయి. మీ మంగళవారం సిబ్బంది 'చీమలు ఎందుకు వస్తున్నాయో విచారించాలి' అని రిజిస్టర్‌లో రాశారు. విచారణ అక్కర్లేదు, సామాను గది కావాలి.

ఈ జనానికి ఓడలు తెలియవనుకోకండి. 'తెప్ప' అనగానే మన వాళ్లందరికీ స్వామివారి తెప్పోత్సవం గుర్తొస్తుంది. దీపాలతో, పూలతో పుష్కరిణిలో తిరిగే తెప్ప. అక్కడి నుంచి మొదలుపెట్టి, మన గదిలో ఉన్న జాలరి తెప్ప దగ్గరికి తీసుకువెళతాను. తేలికపాటి దుంగలు, వాటిని కలిపే తాడు, అంతే. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఇసుకలో ఆరబెట్టేవారు, నీళ్లు పీల్చుకున్న దుంగ బరువెక్కి మునుగుతుంది కాబట్టి. 'అయితే ఈ పడవను రోజూ ఊడదీసి రోజూ కట్టేవారా?' అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం కోసమే నేను ఇక్కడ పని చేస్తున్నాను.

ఇక తప్పుల సంగతి. పోయిన ఏడాది ఒక శనివారం మధ్యాహ్నం వాకాడు వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అందరివీ గుండ్లే. ఆయన బోర్డులన్నీ పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. ఒక బోర్డు దగ్గర ఆగాడు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, నాకు అవమానం కాకూడదన్నట్టుగా అన్నాడు.

'అమ్మా, అది తల్లకిందులుగా రాశారు.'

వెళ్లి చూశాను. 'సముద్రపు నీరు ఎక్కడాన్ని ఆటు అనీ, తీయడాన్ని పోటు అనీ అంటారు' అని ఉంది. అప్పటికి రెండేళ్లుగా నేను దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

'నీళ్లు ఎక్కితే పోటు. జనం ఎక్కువ వస్తే పోటెత్తారు అంటారు కదమ్మా' అన్నాడు ఆయన.

తల కొట్టేసినట్టయింది. 'తిరుమలకు పోటెత్తిన భక్తులు' అన్న శీర్షికను నా చేతులతో ఎన్నిసార్లు దిద్ది ఉంటానో లెక్క లేదు. మాట నోట్లో ఉంది, అర్థం కంటికి ఆనలేదు. ఆ బోర్డును ఇంగ్లిషు నుంచి తెలుగు చేసినవారి తప్పు ఎంతో, రోజూ చూస్తూ పట్టుకోలేని ప్రూఫ్‌రీడర్ తప్పూ అంతే.

ఆ సాయంత్రమే తెల్లకాగితం మీద సరైన మాటలు రాసి పైన అతికించాను. మంగళవారం దాన్ని పీకేశారు. 'బోర్డుల్లో మార్పులకు మండలి ఆమోదం అవసరం' అని నాకు చీటీ పెట్టారు. సరే, ఆమోదం కోసం రాశాను. పద్నాలుగు వారాలు పట్టింది. ఆ పద్నాలుగు వారాలూ పోటును ఆటు అని, ఆటును పోటు అని తిరుపతికి వచ్చిన జనానికి బోధించాం. అందులో ఎంతమంది తీరం ఊళ్ల వాళ్లున్నారో. నేను వాళ్ల ముఖాలు చూడలేక ఆ బోర్డుకు అడ్డంగా నిలబడేదాన్ని.

కొత్త బోర్డు వచ్చాక దాని మీద 'దిద్దుబాటు: ఒక సందర్శకుడి సూచన' అని చిన్న అక్షరాల్లో వేయిద్దామన్నాను. అది కుదరదన్నారు. పోనీలెండి.

ఒకటి మాత్రం మీ అనుమతి లేకుండానే చేశాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఓడ వేగాన్ని నాట్లలో ఎందుకు చెబుతారని పిల్లలు అడుగుతారు. నాట్ అంటే ముడి. పాత రోజుల్లో ముడులు వేసిన తాడుకు చెక్క కట్టి ఓడ వెనక వదిలేవారు. ఇసుక గడియారంలో 28 సెకన్ల ఇసుక జారేలోగా చేతిలోంచి ఎన్ని ముడులు పోయాయో లెక్కపెట్టేవారు. ఎన్ని ముడులో అన్ని నాట్లు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ఈ మాటలు చెబుతుంటే పిల్లలు ఆవలిస్తారు. అందుకని బట్టలారేసే తాడు కొన్నాను. 28 సెకన్లకైతే ముడికీ ముడికీ మధ్య 14.4 మీటర్లు ఉండాలి, మన వరండాలో చోటు లేదు. లెక్క నాలుగో వంతుకు కుదించి, ఏడు సెకన్లకు 3.6 మీటర్ల చొప్పున ముడులు వేశాను. ఒక పిల్లవాడు తాడు చివర నడుముకు కట్టుకుని నడుస్తాడు, ఇంకొకడు తాడు వదులుతూ ముడులు లెక్కపెడతాడు, మిగతావాళ్లు ఒకటి నుంచి ఏడు దాకా అరుస్తారు. చురుగ్గా నడిచే పిల్లవాడు మూడు ముడులు లాగుతాడు. 'నేను మూడు నాట్ల ఓడను' అని వాళ్ల నాన్న దగ్గరికి పరుగెత్తుతాడు. పరుగెత్తేటప్పుడు ఎన్ని నాట్లో అని ఇంకొకడు అడుగుతాడు. వరండాలో ఆదివారం వినిపించే గోల గురించి పక్క ఇంటివారు మీకు ఫిర్యాదు చేశారని విన్నాను. కారణం ఇదే. తాడు ఖర్చు 180 రూపాయలు. రసీదు జత చేస్తే 'ముందస్తు అనుమతి లేదు' అని తిరిగి వచ్చింది. ఫినాయిలు, బల్బులు, స్పృహ తప్పిన పెద్దావిడకు తెప్పించిన గ్లూకోజు ప్యాకెట్లు, వాటి రసీదులూ అలాగే వచ్చాయి. వాటి జోలికి ఇప్పుడు పోను.

అసలు విషయం పడవ.

రెండో గది మధ్యలో ఉన్న ఆ పడవలో ఒక్క మేకు లేదు. పలకకూ పలకకూ అంచుల వెంట రంధ్రాలు చేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టారు. మసూలా పడవలని పాత పుస్తకాలు వీటినే అంటాయి. కోరమాండల్ తీరంలో రేవు గోడలు లేని చోట, ఒడ్డున విరుచుకుపడే కెరటాలను దాటడానికి ఇదే సాధనం. మేకులు కొట్టి బిగించిన పడవ ఆ దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ కెరటం కొట్టినప్పుడు కొంచెం వంగి, మళ్లీ సర్దుకుంటుంది. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే సరుకులను, మనుషులను ఒడ్డుకు చేర్చింది ఇవే. ఇప్పుడు తీరంలో కనిపించేవన్నీ ఫైబర్ పడవలు. కాబట్టి మన దగ్గరున్నది పోతే ఇంకోటి తెచ్చుకునే వీలు లేదు.

అది పోతోంది. ఎడమ వైపు మూడో పలక దగ్గర, ముందు భాగం నుంచి రెండు జానల దూరంలో, వరసగా నాలుగు కుట్లు తెగాయి. మొదట కింద నేల మీద గోధుమరంగు పొడి కనిపించింది. ఊడ్చేశాను. మరుసటి వారం మళ్లీ ఉంది. మోకాళ్ల మీద కూర్చుని ఫోను దీపం వేసి చూస్తే తాడు పురి విడిపోయి, వేలితో తాకితే పొడిగా రాలుతోంది. కారణం పెద్ద రహస్యం కాదు. కర్ర గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, కుదించుకుపోతుంది. నెమ్మదిగా జరిగితే తట్టుకుంటుంది, వెంటవెంటనే జరిగితే కుట్ల మీద పడుతుంది. మనం చేసేది వెంటవెంటనే. మంగళవారం నుంచి శుక్రవారం దాకా పగలంతా ఏసీ, రాత్రి బంద్. శని ఆదివారాలు కరెంటు ఆదా పేరుతో పూర్తిగా బంద్. తిరుపతి మే నెల ఎండలో, ఆ గదిలోకి వందల మంది చెమటతో, తడి గుండ్లతో వస్తారు. సాయంత్రానికి అద్దాలు చెమర్చి ఉంటాయి. మంగళవారం మళ్లీ ఏసీ. ఖాళీ గదిని చల్లగా ఉంచి, నిండిన గదిని ఉడకబెడుతున్నాం. ఎప్పుడూ ఏసీ వేయకపోయినా ఇంతకన్నా మేలేమో.

పోయిన ఏడాది ఈ పడవ కోసమే మీరు కొబ్బరి తాడు తెప్పించారు. చాలా మంచి పని. రెండు చుట్టలు, గోనె సంచిలో, గోదాములో, తాళం వెనక ఉన్నాయి. తాళంచెవి ఆఫీసులో ఉంటుంది. ఆఫీసు శుక్రవారం సాయంత్రం మూసి మంగళవారం తెరుస్తారు. బాగు చేసే మనిషి దొరికేది ఆదివారం.

తాళంచెవి నాకు ఎందుకివ్వరో తెలుసు. ఎవరూ పైకి అనలేదు, కాని తెలుసు. రెండేళ్ల కిందట ఇత్తడి దిక్సూచి ఒకటి కనిపించకుండా పోయింది. అప్పటి నుంచి పార్ట్‌టైమ్ వారికి లోపలి తాళాలు ఇవ్వరాదని తీర్మానం చేశారు. ఆ దిక్సూచి కనిపించకుండా పోయింది బుధవారం. నాలుగు నెలల తర్వాత దొరికింది పాలిష్ గుడ్డలు పెట్టే డబ్బాలో. దొరికిన సంగతి తీర్మానాల పుస్తకంలోకి ఎక్కలేదు. నేను ఎవరినీ దొంగ అనడం లేదు, నన్ను అననివ్వను కూడా.

క్యూఆర్ కోడ్ గురించి ఒక మాట. అది చెడ్డదని అనను. చదువుకున్న కుర్రవాళ్లు వాడతారు. కాని రెండు రోజులు ప్రయాణంలోనూ క్యూలోనూ గడిపి వచ్చిన మనిషి మన హాల్లోకి అడుగు పెట్టగానే ఫోను పట్టుకుని వెతికేది ప్లగ్గు కోసం. నా బల్ల కింద ఉన్న ఒకే ఒక ప్లగ్గుకు శనివారాల్లో వరస ఉంటుంది. క్యూఆర్ కోడ్ వినగలదా? 'అమ్మా, అది తల్లకిందులుగా రాశారు' అని వాకాడు నుంచి వచ్చిన మనిషి దానికి చెప్పగలడా? విశాఖలో కురుసుర జలాంతర్గామి చూసినవారు మీలో ఉండే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలబడింది. అక్కడ వివరాలు చెప్పేది మాజీ నావికులు. నాకు ఆ యంత్రాల సంఖ్యలు ఒక్కటీ గుర్తు లేవు. ఒక పెద్దాయన ఇరుకు అరలాంటి పడకను చేత్తో తట్టి, ఇక్కడ ఎలా ఒత్తిగిలేవాళ్లో చూపించిన తీరు మాత్రం మరిచిపోలేదు.

ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అంటారు. ఆదివారం పెద్ద మనుషుల కుటుంబాలు వస్తే నన్ను వెతికి పిలుస్తారు, 'మా కోఆర్డినేటర్ చాలా బాగా చెబుతారు' అని పరిచయం చేస్తారు. ఆ కారు గేటు దాటగానే నా రసీదులు తిరుగుటపాలో వస్తాయి. తిరుపతిలో బోడి తలకు ఏ లోటూ లేదు కనుక ఈ సామెత నన్ను పెద్దగా బాధించదు. నవ్వుకుంటాను.

మోటుపల్లి శాసనాన్ని మీరు గోడ మీద పెట్టారు, నేను వారం వారం చదివి వినిపిస్తున్నాను. 1244లో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు ఇచ్చిన అభయం అది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకునంతా పూర్వపు రాజులు లాక్కునేవారు, మేము మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుంటాం అని అందులో రాయించాడు. కింద గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, మిరియాలు, ఒక్కోదానికి సుంకం ఎంతో లెక్క. రాజు కాబట్టి మాట చెప్పి ఊరుకోలేదు, రేట్లతో సహా రాతి మీద చెక్కించాడు. నాకు రాయి అక్కర్లేదు. ఒక తెల్లకాగితం, కింద మండలి ముద్ర చాలు. గోదాము తాళంచెవి ఒకటి శని ఆదివారాల మనిషి దగ్గర ఉండవచ్చని, ఆ రెండు రోజుల చిల్లర ఖర్చులకు 2000 రూపాయలు ముందుగా ఇచ్చి లెక్క తర్వాత తీసుకోవచ్చని, బోర్డులో అక్షర దోషమో అర్థ దోషమో ఉంటే ముందు సరిచేసి తర్వాత మీకు తెలపవచ్చని రాయండి. ఏసీ వేళలు మార్చండి. ఆ మనిషి నేనే కావాలని కూడా అనను. నా తర్వాత ఎవరిని పెట్టినా, ఏజెన్సీ వారిని పెట్టినా సరే, తాళంచెవితో పెట్టండి.

ఇది అంత తొందరేమిటని మీకు అనిపించవచ్చు. తొందర ఉంది.

బోర్డు తప్పు పట్టుకున్న ఆయన ఆ రోజు పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, తెగిన కుట్ల దగ్గర కూర్చుని, 'మా నాన్న చూస్తే బాగుండు' అన్నాడు. నా నంబరు రాసుకుని వెళ్లాడు. ఏడాది గడిచింది, మరిచిపోయాడనే అనుకున్నాను. మొన్న ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నగారికి దాదాపు ఎనభై. చిన్నప్పుడు తండ్రి పడవ కుడుతుంటే అవతలి వైపు నుంచి తాడు అందుకుని లాగి పట్టుకోవడం ఆయన పని. సొంతంగా ఎన్నడూ కుట్టలేదు. కాని చేతులకు గుర్తుందన్నారు. పెద్దాయనకు ఈ శనివారం దర్శనం, ఆదివారం పది గంటలకు మన దగ్గరికి వస్తారు. తెగిన నాలుగు కుట్ల వరకే ముట్టుకుంటాం. ముట్టుకునే ముందు ప్రతి రంధ్రాన్నీ ఫొటో తీస్తాను. ఊడిన పాత తాడు ముక్కలను పారేయకుండా నంబర్లు వేసి కవర్లలో పెడతాను. పాత కుట్టేదో కొత్త కుట్టేదో రేపు ఎవరైనా చూసి పోల్చుకోగలగాలి. మీలో ఎవరైనా వచ్చి పక్కన నిలబడితే ఇంకా సంతోషం. ఆదివారమే అయినా.

పెద్దాయన ఫోనులో ఒకే ఒక ప్రశ్న అడిగారు. తాడు ఉందా, లేక మేము తేవాలా అని. ఉందన్నాను. అయితే దాన్ని ముందు రోజే నీళ్లలో వేయాలి, ఒక రాత్రంతా నానకపోతే రంధ్రంలో లొంగదు అన్నారు. శనివారం సాయంత్రం బకెట్టులో నీళ్లు పట్టి ఉంచుతాను. గోదాము తాళంచెవి నాకు శుక్రవారం ఆఫీసు మూసేలోగా అందాలి.

ఇట్లు,
శని ఆదివారాల కోఆర్డినేటర్,
తిరుపతి